వీపుకు మట్టి అంటొద్దు: ఒక పహిల్వాన్‌కు హాఫ్ గార్డ్ నేర్పిన కేసు

హనుమకొండలో నేను బ్రెజిలియన్ జుజిట్సు నేర్పడం మొదలుపెట్టి ఆరేళ్లవుతోంది. పెద్ద అకాడమీ ఏం కాదు. హార్డ్‌వేర్ షాపు పైన అద్దెకు తీసుకున్న హాలు, నలభై మ్యాట్లు, సాయంత్రం ఆరున్నరకు వచ్చే పది పన్నెండు మంది. నాది పర్పుల్ బెల్ట్, అంటే వైట్, బ్లూ తర్వాతది. నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయి మా కోచ్ దగ్గర నేర్చుకుంటా, సోమవారం ఇక్కడ నేర్పుతా. ఈ ఆరేళ్లలో నాకే బాగా పాఠం చెప్పిన స్టూడెంట్ ఒకాయన ఉన్నాడు. రాస్తానని అడిగితే సరేనన్నాకే రాస్తున్నా. పేరు చెప్పను. వయసూ ఉద్యోగమూ ఊరి వివరాలూ కొంచెం అటూ ఇటూ మార్చాను. మా హాల్లో అందరూ ఆయన్ని పహిల్వాన్ అంటారు కాబట్టి ఇక్కడా అదే.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. జూడో మాస్టర్ మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు, ఆయన నుంచి వచ్చిన విద్యను గ్రేసీ కుటుంబం పట్టుకుని నేల మీద పోరాటంగా పెంచింది. మామూలు కుస్తీలో వెల్లకిలా పడి రెండు భుజాలూ నేలకు ఆనితే ఆట అయిపోయినట్టే. ఇక్కడ అయిపోదు. వెల్లకిలా పడి కూడా కాళ్లతో అవతలివాణ్ని కట్టిపడేస్తే దాన్ని గార్డ్ అంటారు. అక్కడి నుంచి మెడ నొక్కొచ్చు, మోచెయ్యి లాక్ చేయొచ్చు, తిరగేసి పైకి రావొచ్చు. తిరగేస్తే స్వీప్, 2 పాయింట్లు. పైవాడు ఆ కాళ్లు దాటేసి పక్కన కుదురుకుంటే పాస్, 3. ఛాతీ మీద ఎక్కితే మౌంట్, 4. వీపు మీద ఎక్కి కాళ్లతో హుక్స్ వేస్తే అదీ 4, పైగా వీపు దొరికిందంటే మెడ దొరికినట్టే. వెల్లకిలా పడుకున్నందుకు మాత్రం ఎవరూ పాయింట్ ఇవ్వరు.

పహిల్వాన్‌ది కామారెడ్డి వైపు ఊరు. తాత కుస్తీ పట్టాడు, తండ్రి పట్టాడు, ఈయన పన్నెండేళ్లప్పుడు కుస్తీ నేర్పే తాలీంలో దిగి ఇరవై రెండు దాకా ప్రతి ఏడూ చుట్టుపక్కల జాతరల్లో పట్టాడు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, హనుమకొండ. ముప్పై దాటాక బొజ్జ కనిపించడం మొదలైందని, ఊరికే జిమ్‌కు పోతే బోరు కొడుతోందని మా దగ్గరికి వచ్చాడు. జూన్‌లో చేరినప్పుడు 84 కిలోలు. మొదటి రోజు నిలబడి పట్టుకుందాం అంటే హాల్లో ఉన్నవాళ్లందర్నీ వరసగా ఎత్తేశాడు, నన్ను కూడా. నన్ను ఎత్తినప్పుడు మాత్రం కొంచెం మర్యాదగా దింపాడు.

ఇంతటి మనిషి కింద పడితే పది సెకన్లు ఉండడు. నిజంగా పది సెకన్లే. వెల్లకిలా పడతాడు, వెంటనే బోర్లా తిరుగుతాడు, మోకాళ్ల మీదికి లేవబోతాడు, ఈలోపు ఎవరో ఒకరు వీపెక్కి మెడలో చెయ్యి పెట్టేస్తారు. ట్యాప్, అంటే ఓడిపోయానని చేత్తో తట్టడం. మా దగ్గర డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడున్నాడు, 62 కిలోలు, వాడు రోజూ ఈయన్ని అలాగే చోక్ చేసేవాడు. పహిల్వాన్‌కు కోపం రాదు, నవ్వి చెయ్యి కలుపుతాడు, తర్వాత ఆ మూల కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడడు. ఒకరోజు అడిగితే, "ఏమోనన్నా, పండుకుంటే ఊపిరాడనట్టు అయితది, ఎట్ల తిరిగిననో నాకే ఎరుక లేదు" అన్నాడు. ఆ మాట ఆరోజే సరిగ్గా వినుంటే తొమ్మిది నెలలు మిగిలేవి.

నేనేం అనుకున్నానంటే, ఇగో అనుకున్నా. నిలబడి అందర్నీ కొట్టేవాడికి కింద ఉండటం నామోషీ, అందుకే లేవడానికి తొందర, నాలుగు నెలలు దెబ్బలు తింటే అదే పోతుంది అని. స్టూడెంట్‌కు ఏదైనా రాకపోతే కోచ్‌కు మొదట తట్టేది వాడి గుణమే, ఎందుకంటే అలా అనుకుంటే మన పాఠంలో తప్పు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అందరికీ చెప్పినట్టే క్లోజ్డ్ గార్డ్‌తో మొదలుపెట్టా. వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ అవతలివాడి నడుం చుట్టూ వేసి వెనక పాదాలు ముడేయడం. ష్రింప్ (తుంటిని పక్కకు జరపడం), సిజర్ స్వీప్ (కాళ్లను కత్తెరలా వాడి తిరగేయడం), ఆర్మ్‌బార్ (మోచెయ్యి లాక్). తమాషా ఏంటంటే డ్రిల్‌లో ఈయన చాలా బాగా చేసేవాడు. ఒకసారి చూపిస్తే చాలు, పట్టు ఎక్కడ, బరువు ఎక్కడ అన్నది చేతులకు వెంటనే తెలిసిపోయేది. అదే నన్ను తప్పుదారి పట్టించింది. డ్రిల్‌లో వస్తోంది కాబట్టి రోలింగ్‌లో, అంటే నిజంగా పట్టుకున్నప్పుడు, కూడా వస్తుంది, టైమ్ పడుతుంది అంతే అనుకుంటూ సెప్టెంబర్ దాకా లాగించా. కానీ డ్రిల్‌లో అవతలివాడు గెలవాలని చూడడు. గెలవాలని చూసేవాడు పైన ఉన్నప్పుడు శరీరం ఏం చేస్తుందన్నది డ్రిల్‌లో ఎన్నటికీ బయటపడదు.

అక్టోబర్‌లో పంతం పట్టా. నెలంతా నిలబడటం బంద్, ప్రతి రౌండ్ వెల్లకిలా పడుకునే మొదలుపెట్టాలి, బోర్లా తిరిగితే రౌండ్ ఆపి మళ్లీ వెల్లకిలా. నీళ్లలో తోసేస్తే ఈత వస్తుంది అన్నట్టు. చిన్నవాళ్లతో అయితే బలంతో నెట్టుకొస్తున్నాడని మా దగ్గరున్న 95 కిలోల మనిషిని పైన పెట్టా. రెండో వారం ఆయన మోకాలు పొట్ట మీద పెట్టి బరువు దించుతున్నప్పుడు పహిల్వాన్ అలవాటుగా బోర్లా తిరిగాడు, మోకాలు అక్కడే ఉంది, ఒళ్లు తిరిగిపోయింది. టక్కుమని చప్పుడు నాకు కూడా వినిపించింది. పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది. ఎముక విరగలేదని డాక్టర్ చెప్పాడు గానీ మూడు వారాలు తుమ్మాలన్నా భయపడ్డాడు. ఆ మూడు వారాల తప్పు నాది. బోర్లా తిరుగుతాడని ముందే తెలుసు, దాన్ని ఆపడానికే ఆ నియమం పెట్టా, అయినా తిరిగినప్పుడు ఏమవుతుందో ఆలోచించకుండా అంత బరువు పైన పెట్టా.

తిరిగొచ్చాక నేనూ కొంచెం మెత్తబడి కొత్త లెక్క వేసుకున్నా. నడుం, తుంటి బిగుసుకుపోయి ఉన్నాయి, కాళ్లు పైకి లేవడం లేదు, అందుకే గార్డ్ నిలవడం లేదు అని. ఇది సగం నిజం కూడా. నవంబర్ నుంచి జనవరి దాకా క్లాస్‌కు ముందు ఇరవై నిమిషాలు తుంటి సాగదీసే ఎక్సర్‌సైజ్‌లు. పాపం ఒక్కరోజు మానలేదు. జనవరి చివరికి బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చోగలిగాడు, ఇంట్లో కింద కూర్చుని అన్నం తినడం మళ్లీ అలవాటైందని భార్య సంతోషపడిందట. రోలింగ్‌లో ఒక్క ఇంచ్ తేడా లేదు.

ఫిబ్రవరిలో ఫోన్ కిటికీ మీద పెట్టి వీడియో తీయడం మొదలుపెట్టా. ఇది మొదటి నెలలోనే చేయాల్సిన పని. రెండు వారాల్లో పన్నెండు రౌండ్లు. రాత్రి ఇంటికొచ్చి నెమ్మదిగా నడిపిస్తూ చూశా. పన్నెండులో తొమ్మిదిసార్లు వీపు ఇచ్చేశాడు, అది తెలిసిందే. నేను చూడాలనుకున్నది ఎప్పుడు తిరుగుతున్నాడు అని. పైవాడి బరువు బాగా పడ్డప్పుడో, భుజంతో దవడ నొక్కి క్రాస్‌ఫేస్ పెట్టినప్పుడో, అంటే ఇబ్బంది మొదలైనప్పుడు తిరుగుతాడనుకున్నా. అలా లేదు. ఒక పక్కకు ఒరిగి ఉన్నంతసేపు, ఎంత బరువు పడినా ఓపిగ్గా కొట్లాడుతున్నాడు, ఒక రౌండ్‌లో అయితే ముప్పై సెకన్ల దాకా. రెండో భుజం మ్యాట్‌కు తగిలిందా, అంతే, పైవాడు ఇంకా ఏమీ చేయకముందే, కరెంట్ షాక్ కొట్టినట్టు తిరిగిపోతున్నాడు. నోట్‌బుక్‌లో "రెండో భుజం" అని రాసి కింద రెండు గీతలు గీశా. ఎందుకో మాత్రం అప్పటికీ అర్థం కాలేదు.

హోళీ తర్వాత వాళ్ల ఊళ్లో జాతర. "కుస్తీలు చూద్దువు రా అన్నా" అని పిలిస్తే కరీంనగర్‌లో బస్సు మారి పోయాను. చూడాలని ఎప్పటినుంచో ఉంది. చెరువు పక్కన దున్నిన పొలం, చుట్టూ జనం, డప్పులు. ముందు చిన్నపిల్లలు పడతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పెద్దవాళ్లు, డబ్బులు పెరుగుతూ పోతాయి, ఆఖరి కుస్తీకి వెండి కడెం. నేను ఒక పదేళ్ల పిల్లగాణ్ని చూస్తున్నా. బాగా పట్టాడు, చివర్లో అవతలివాడు కాలందుకుని చిత్ చేశాడు. వాడు లేచాడు. ఏడవలేదు. గట్టు ఎక్కకముందే రెండు చేతులూ వెనక్కి పెట్టి వీపు మీది మట్టి దులుపుకోవడం మొదలుపెట్టాడు. అందకపోతే చొక్కా తీసుకుని దాంతో రుద్దుకున్నాడు. జనం వైపు వీపు తిరగకుండా పక్కపక్కగా నడుచుకుంటూ పోయాడు.

నా పక్కనున్న పహిల్వాన్ కూడా వాణ్నే చూస్తున్నాడు. "ఇంటికి పోంగనే మా బాపు గెలిచినవా ఓడినవా అని అడగకపోయేటోడన్నా. ఇటు తిరుగు అనేటోడు. వీపు చూసి, ఇగ అన్నం తిను పో అనేటోడు" అన్నాడు. కొట్టేవాడా అని అడిగా. "అయ్యో, ఎన్నడు కొట్టలే" అన్నాడు.

తిరుగు బస్సులో హుజూరాబాద్ దాటేదాకా ఇదే ఆలోచన. పదేళ్ల పాటు, వారానికి ఆరు రోజులు, ఒకే ఒక పాఠం నేర్చుకున్న ఒళ్లు అది: రెండు భుజాలూ నేలకు తగలొద్దు. తలతో ఆలోచించి చేస్తున్న పని కాదు కాబట్టే ఎలా తిరిగాడో ఆయనకే తెలియదు. నేను దాన్ని ఇగో అన్నా, తర్వాత తుంటి బిగువు అన్నా. సరే, ఇప్పుడు ఏం చేయాలి? మూడు దారులు కనిపించాయి.

మొదటిది, ఆ అలవాటును ఎలాగైనా పోగొట్టడం. నా దగ్గర ఆయన వారానికి నాలుగున్నర గంటలు ఉంటాడు. తాలీంలో పదేళ్లు ఉన్నాడు. ఈ లెక్కన నాకు గెలుపు లేదు, పైగా పక్కటెముకల సంగతి ఇంకా మరిచిపోలేదు. రెండోది, కింద పడకుండానే ఆడటం. కుస్తీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది అలాగే ఆడతారు, పడేయడం, పైన కూర్చోవడం. తప్పేం లేదు. కానీ ఈయనకు పోటీకి వెళ్లాలని ఉంది, తన బరువులో మంచి జూడోవాడు ఒక్కడు తగిలితే కింద పడక తప్పదు. మూడోది బస్సు ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తట్టింది, నవ్వొచ్చింది కూడా. రెండు భుజాలూ మ్యాట్‌కు తగిలితే ఓడిపోయినట్టే అని జుజిట్సులో కూడా చెప్పే చోటు ఒకటుంది. హాఫ్ గార్డ్.

హాఫ్ గార్డ్ అంటే పైవాడి రెండు కాళ్లలో ఒక్కటే మన కాళ్ల మధ్య చిక్కి ఉండటం. గార్డ్ సగం దాటేశాడు, ఇంకో కాలు లాక్కుంటే పాస్ అయిపోతుంది. ఒకప్పుడు దీన్ని గార్డ్‌లో లెక్కే వేసేవాళ్లు కాదు, సగం ఓడిపోయినవాడి చోటు అది. 1990ల్లో రాబర్టో కొరియా, అందరూ గోర్డో అనే ఆయన, మోకాలు దెబ్బతిని మామూలు గార్డ్ ఆడలేక ఇందులోనే ఉండిపోయి, ఇక్కడి నుంచి స్వీప్‌లు కట్టి దీనికి పరువు తెచ్చాడు. ఇందులో మొదటి సూత్రమే, వెల్లకిలా అయిపోవద్దు. ఒక తుంటి మీద, ఒక భుజం మీద ఉండాలి, పై చెయ్యి అవతలివాడి చంక కిందుగా దూర్చి వీపు పట్టాలి, దాన్నే అండర్‌హుక్ అంటాం. రెండు భుజాలూ ఆనాయంటే క్రాస్‌ఫేస్ పడుతుంది, అండర్‌హుక్ పోతుంది, ఇక పాస్ ఆపలేం. నేను తొమ్మిది నెలలు పోగొట్టాలని చూసిన భయం ఇక్కడ పాఠంలో మొదటి పేజీ. పైగా అండర్‌హుక్ దొరికి మోకాళ్ల మీదికి వచ్చామంటే, అవతలివాడి కాలు మన చేతుల్లో ఉంటుంది. అంటే సింగిల్ లెగ్, ఒక కాలు పట్టి పడేసే పట్టు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు నేను చెప్పక్కర్లేదు, ఆయనే నాకు చెప్పాలి.

అందుకే పాఠం వెనక నుంచి మొదలుపెట్టా. మామూలుగా హాఫ్ గార్డ్ నేర్పేటప్పుడు కింద పడి ఉన్న దగ్గర నుంచి పైకి వస్తాం. ఈయనకు ఏప్రిల్ మొదటి రెండు వారాలు డాగ్‌ఫైట్ మాత్రమే: ఇద్దరూ మోకాళ్ల మీద, ఈయనకు అండర్‌హుక్, అవతలివాడి ఒక కాలు ఈయన కాళ్లలో. అక్కడి నుంచి గెలువు. ఇది ఆయన ఇల్లు, హాయిగా గెలిచాడు. మూడో వారం ఒక మెట్టు కిందికి, మోచెయ్యి, తుంటి నేల మీద. అక్కడి నుంచి డాగ్‌ఫైట్‌కు రా. ఐదో వారం ఇంకో మెట్టు, ఒక భుజం నేల మీద. ఇలా ఎందుకంటే, కింద ఉన్న ప్రతిసారీ పైన ఏముందో ఆయన ఒంటికి తెలిసుండాలి. బావిలో దింపేముందు తాడు చూపించినట్టు.

ఇక్కడే సుద్దముక్కలు పనికొచ్చాయి. రెండో భుజం తగిలిందో లేదో రౌండ్ నడుస్తుండగా ఆయనకు తెలియదు, తగిలాక తెలిసి తిరిగిపోతాడు. నాకూ పైనుంచి కనబడదు. ఆయన గీ, అంటే జుజిట్సుకు వేసుకునే జాకెట్, నేవీ బ్లూ. స్టేషనరీ షాపులో తెల్ల సుద్దముక్కల డబ్బా ఒకటి కొని, పొడి చేసి, మూలనున్న నాలుగు మ్యాట్ల మీద పాత బనియన్ గుడ్డతో పల్చగా రుద్దా. ఎక్కువైతే జారుతుంది, రౌండ్లు అయ్యాక తడిగుడ్డతో తుడవాలి, పిల్లలు దగ్గుతారు, ఇవన్నీ ఉన్నాయి. ఆట ఏంటంటే రెండు నిమిషాలు, హాఫ్ గార్డ్‌లో పక్కకు ఒరిగి మొదలు. ఈయన మోకాళ్ల మీదికి వస్తే ఈయనది. టైమ్ అయ్యేసరికి జాకెట్ మీద రెండు భుజాలూ తెల్లబడితే పైవాడిది. ఒక్క భుజమే తెల్లగా ఉంటే, స్వీప్ రాకపోయినా, పాస్ కానంతవరకు ఈయనదే.

మొదటి రౌండ్ అయింది. ఇద్దరూ లేచారు. నేను మామూలుగా, "ఇటు తిరుగు" అన్నా. అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, తిరిగాడు. కుడి భుజం మీద అరచెయ్యంత తెల్ల మచ్చ, ఎడమ వైపు కాలర్ కింద ఇంకోటి, మధ్యలో వెన్నుపూస దగ్గర సన్నటి గీత. "రెండూ తగిలినై గదా" అన్నాడు. తగిలాయి అన్నా. "మళ్లా పెట్టు" అన్నాడు. ఆ సాయంత్రం ఐదు రౌండ్లలో నాలుగు అలాగే పోయాయి, కానీ ఒక్కసారి కూడా బోర్లా తిరగలేదు. భుజం తగిలితే మ్యాచ్ పోలేదు, ఒక పాయింట్ పోయింది, మళ్లీ పక్కకు లేవొచ్చు. ఆ లెక్క ఒంటికి ఎక్కడం మొదలైంది.

మే నెలలో ఇంకో చిక్కు. మా రేకుల హాల్లో ఎండకు గీ వేసుకుంటే ఐదు నిమిషాల్లో తడిసి ముద్దవుతుంది, సుద్దపొడి చెమటతో కలిసి పేస్ట్ అయిపోయి వీపంతా ఒకటే రంగు. ఎవరిది పాయింటో తేల్చలేక రెండు రోజులు గొడవ పడ్డాక పొద్దున ఐదున్నరకు మార్చాం. వచ్చింది నలుగురే, కానీ ఆ నలుగురితో జరిగిన పనే అసలు పని.

దారి దొరికింది కదా అని అన్నీ సాఫీగా జరగలేదు. మొదటి సమస్య తల. భుజాన్ని బలంతో పైకి పెట్టి తలను మాత్రం నేల మీద వదిలేసేవాడు. అవతలివాడు భుజంతో దవడను అటు తిప్పితే చాలు, తల ఎటు తిరిగితే భుజం అటే పడుతుంది. చెవి అవతలివాడి రొమ్ముకు ఆనాలి, గుండె చప్పుడు వినాలి అన్నట్టు పెట్టు అని చెప్పా. ఈ మాట బాగా పట్టింది, "వినబడుతున్నదా" అని పక్కనున్నవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఇంకో చెయ్యి, కింది చెయ్యి, ఊరికే ఉండకూడదు, క్రాస్‌ఫేస్ పెట్టబోయే చేతిని మణికట్టు దగ్గరో కండ దగ్గరో ముందే ఆపాలి.

రెండోది డార్స్ చోక్. సింగిల్ లెగ్ వాసన తగలగానే ఈయన తల దించి బయటికి దూసుకుపోతాడు. కుస్తీలో అది సరైన పనే, అక్కడ మెడ నొక్కేవాడు లేడు. ఇక్కడ పైవాడు చంక కింద నుంచి చెయ్యి దూర్చి మెడ చుట్టూ తిప్పి కట్టేస్తాడు. జూన్‌లో ఒక్క సాయంత్రం మూడుసార్లు దొరికాడు, మూడూ ఒకేలా. ఈసారి అలవాటును వాడుకునే వీలు లేదు, మార్చాల్సిందే, ఎందుకంటే రెండు ఆటల మధ్య తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. తల పైకి, అవతలివాడి చంకలోకి, నడుం నిటారుగా, చెయ్యి వీపు మీద ఉండిపోకుండా గబగబా మోకాలి దాకా దిగాలి. దీనికి రెండు నెలలు పట్టింది, ఇప్పటికీ అలసిపోతే తల దిగుతుంది.

మూడోది అసలు సమస్యే కాలేదు. అండర్‌హుక్ పెట్టినప్పుడు పైవాడు ఆ చేతి మీదుగా తన చెయ్యి చుట్టి బరువు వేస్తాడు, విజర్ అంటారు. కొత్తవాళ్లు దానికి ఎదురు నెట్టి అలసిపోతారు. నేను సగం చెప్పేలోపే, "అటు ఒరిగితే అటే పోవాలె, గంతే గదా" అని కిందికి దూరి ఆ బరువుతోనే అటువైపు దొర్లించేశాడు. దీనికి నాకు బ్లూ బెల్ట్ దాకా పట్టింది.

ఆగస్టులో మళ్లీ పన్నెండు రౌండ్లు వీడియో తీశా, వీలైనంతవరకు అదే మనుషులతో. వీపు ఇచ్చింది రెండుసార్లు. అండర్‌హుక్‌తో పైకి వచ్చింది ఐదుసార్లు. 62 కిలోల పిల్లగాడు ఇప్పుడు ఈయన వీపు కోసం చూడటం మానేసి కాళ్ల లాక్‌లు నేర్చుకుంటున్నాడు. సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక పోటీకి పోయాం. వైట్ బెల్ట్ మ్యాచ్ ఐదు నిమిషాలు. మొదటి మ్యాచ్‌లో ఎత్తబోయి తనే కింద పడ్డాడు. నా గుండె ఆగింది. కుడి తుంటి మీదికి తిరిగి, చెవి ఆనించి, అలాగే ఉన్నాడు, ఒక నిమిషం పైనే. తర్వాత లేచాడు, కాలందుకున్నాడు, స్వీప్. 2-0. దిగి రాగానే మెడల్ గురించి కాకుండా, "ఎడమ భుజం తగిలిందా?" అని అడిగాడు. రెండో మ్యాచ్‌లో అవతలివాడు తెలివైనవాడు, ఎడమ వైపుకే దాటాడు. ఎడమ వైపు మా దగ్గర ఏమీ లేదు. పాస్ 3, మౌంట్ 4, మొత్తం 7-0. ఐదు నెలలు ఒక్క వైపే చేయించింది నేనే. కుడి వైపు కుదిరాక ఎడమ అనుకున్నా, కుడి కుదిరితే సంతోషంలో ఎడమ మరిచిపోయా.

క్లోజ్డ్ గార్డ్ ఆయనకు ఇప్పటికీ రాదు. నేను కూడా అడగడం మానేశా.

ఇది ముగించే ముందు ఒక మాట చెప్పాలి, లేకపోతే చదివి ఎవరైనా రేపే సుద్దముక్కలు కొంటారు. ఈ పద్ధతి బాగుందన్న ఊపులో జూలైలో కొత్తగా చేరిన ఒకమ్మాయికి కూడా ఇదే వరసలో, డాగ్‌ఫైట్ నుంచి వెనక్కి, హాఫ్ గార్డ్ మొదలుపెట్టా. ఆరు వారాలు ఘోరంగా పోయింది. 50 కిలోలు, ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదు, డాగ్‌ఫైట్‌లో ఆమెకు ఇల్లంటూ ఏమీ లేదు, ప్రతిసారీ బరువుకు నలిగిపోయేది. ఒకరోజు క్లాస్ అయ్యాక మామూలుగా మాట్లాడుతుంటే తెలిసింది, ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకుందట. అరమండి నుంచి లేస్తుంది, కూర్చుంటుంది, తుంటి నూనె వేసినట్టు తిరుగుతుంది. చేరేటప్పుడు ఫారంలో "ఇంతకుముందు ఆడిన ఆటలు" అని అడిగా, డాన్స్ ఆట కాదని ఆమె రాయలేదు. ఇప్పుడు ఆ లైన్ కొట్టేసి, "చిన్నప్పటి నుంచి ఒళ్లు ఏ పనికి అలవాటు పడింది?" అని రాయించా. మొన్న ఒకాయన "ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు" అని రాశాడు. పట్టు చూడాలి ఆయనది.

పహిల్వాన్‌తో ఎడమ వైపు మొన్న సోమవారం మొదలుపెట్టాం. ఈసారి కూడా డాగ్‌ఫైట్ నుంచే అన్నా, "వద్దన్నా, కిందికెల్లే పెట్టు, చూద్దాం" అన్నాడు. సరేనని సుద్ద రుద్ది రెండు నిమిషాలు పెట్టా. లేచి, నేను అడగకముందే తిరిగి నిలబడ్డాడు. కాలర్ నుంచి బెల్ట్ దాకా వీపంతా తెల్లగా ఉంది. "మంచిగనే సున్నమేసినవ్" అని పిల్లగాడు నవ్వాడు. ఈయన మళ్లీ పడుకుని, ఎడమ తుంటి సర్దుకుని, టైమర్ నొక్కమని చెయ్యి ఊపాడు.